పైడమ్మ కోళ్ళు, పొద్దుపొడుపు గుడ్లు

అనగనగా నాగావళి ఏటి ఒడ్డున ఓ చిన్న ఊరు, బుజ్జితల్లీ. ఆ ఊళ్ళో పైడమ్మని ఒకావిడ. ఆవిడకి ఇరవై పెట్టలు. వాటి గుడ్లు బడిపిల్లల మధ్యాహ్నం అన్నంలోకి వెళ్ళేవి.

ఒకసారి నక్క వచ్చి మూడు పెట్టల్ని ఎత్తుకుపోయింది. అప్పుడు పైడమ్మ భయపడి, దొడ్లో కంచె కట్టి కోళ్ళని అందులోనే ఉంచేసింది. పొద్దున నూకలు, మధ్యాహ్నం నూకలు, సాయంత్రం కూడా నూకలే.

ఆ తర్వాత ఏమైంది? గుడ్లలో పచ్చసొన పాలిపోయింది. బడిలో వంటచేసే దాలమ్మ ఉడికిన గుడ్డు కోసి, "ఇదేంటొదినా, సున్నంముద్దలా ఉంది? పిల్లలకి పాతగుడ్లు పెడతావా?" అంది, అందరి ముందూ.

"నిన్న పెట్టినవే దాలమ్మా!" అంది పైడమ్మ. ఎవరూ నమ్మలేదు. ఇంకో నెల చూసి, అప్పటికీ మారకపోతే గుడ్లు పొరుగూరి నుంచి తెప్పించుకుంటామన్నారు బడివాళ్ళు. పైడమ్మకి తలకొట్టేసినట్టయింది.

అప్పుడు నూకల్లో పసుపు కలిపింది. కోళ్ళ ముక్కులు పచ్చబడ్డాయి గానీ సొన పచ్చబడలేదు! ఆ తర్వాత బెల్లం నీళ్ళు పెట్టింది. చీమలొచ్చాయి, రంగు రాలేదు. ఇంక ఏం తోచక కంచె పక్కన కూలబడి, కోళ్ళనే చూస్తూ కూర్చుంది.

మెడమీద ఈకల్లేని బోడిపెట్ట ఒకటి, కంచె సందులోంచి తల దూర్చి, అవతలి మునగాకు కసకసా తినేస్తోంది. పైడమ్మ దాని గుడ్డు కొట్టి చూసింది. సొన బంగారంలా మెరిసింది!

"ఓసి నా తల్లీ, రంగంతా మేతలో ఉందటే!" అని ఎగిరి గంతేసింది.

ఇక రోజూ మునగాకు, తోటకూర దూసి వేసింది. పచ్చటి మొక్కజొన్నకండెల గింజలు నలగ్గొట్టి వేసింది. పెంకు గట్టిపడాలని నత్తగుల్లలు దంచి చల్లింది. సాయంత్రాలు కర్ర పట్టుకుని తనే కాపలా ఉండి, కోళ్ళని గడ్డిలోకి వదిలింది.

నెల తిరిగేసరికి బుట్ట నెత్తిన పెట్టుకుని బడికెళ్ళింది. పళ్ళెంలో ఒక గుడ్డు కొట్టింది, ఇంకోటి, ఇంకోటి. మూడు సొనలూ చెదరకుండా బంతిపూలలా నిలబడ్డాయి.

"పొద్దు పొడిచిందోయ్!" అని పిల్లలు ఒకటే కేకలు.

దాలమ్మ వచ్చి పైడమ్మ చేతులు పట్టుకుంది. "నోరు జారాను వదినా."

"ఆ పాలిపోయినవీ తాజావేనే. మేతే సరైంది కాదు. అది నా తప్పు," అంది పైడమ్మ, తలెత్తుకుని.

ఆ తర్వాత పిల్లలు పళ్ళేలు వాయిస్తూ ఆవిడని ఊరంతా తిప్పారు.

పెట్టలు గూటికి, పైడమ్మ ఇంటికి,
కథేమో కంచికి, కునుకు నీ కంటికి!