వావిలి నూనెకి కొత్త డబ్బా

గుట్ట మీద ఫకీర్లుండే తకియాలో అందరూ ఆ డబ్బాని చూసి ముక్కు మీద వేలేసుకున్నారు, ఒక్క లాల్‌సాబ్ తాత తప్ప. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, పక్కన పెట్టాడు, తస్బీ పూసలు తిప్పుకోవడం మొదలుపెట్టాడు. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు.

ఆ డబ్బా చేసిన హుసేన్‌పీరాకి అన్నం సయించలేదు. పదిమంది పొగిడినా గురువు పొగడకపోతే శిష్యుడికి లెక్కలోకి రాదు కదా.

తాత దగ్గరికి రాకముందు పీరా హైదరాబాదులో అట్టడబ్బాలు తయారుచేసేవాడు. మిఠాయిలకీ, గడియారాలకీ, పట్టుచీరలకీ ఏ డబ్బా ఎలా ఉండాలో గీసి, కోసి, మడిచి చూపించడం అతని వృత్తి. ఊరంతా సంబరంగా అతని డబ్బాలు తెరుచుకుంటూ ఉంటే, అతను మాత్రం అద్దెగదిలో హోటలు పొట్లం విప్పుకుని ఒక్కడే తినేవాడు. అది పడలేకే గుట్టెక్కాడు. గుట్ట మీద మనుషులున్నారు గానీ, మడత వెంట్రుకవాసి తప్పితే డబ్బా ఏమైపోతుందో చెప్పుకోవడానికి ఒక్కడూ లేడు. నమాజు చేసుకుని, గంజి తాగి, ఎవరి మూల వాళ్లు చేరేవాళ్లు. ఒంటరితనం కూడా తన వెనకే గుట్టెక్కిందని కొన్నాళ్లకి అతనికి తెలిసొచ్చింది.

తకియాలో వావిలాకు వేసి కాచే నూనెకి ఆ చుట్టుపక్కల మంచి పేరుంది. కీళ్లనొప్పులవాళ్లు శుక్రవారం వచ్చి, ఏ పాత సీసాలోనో పోయించుకుని, దాని నోటికి గుడ్డపీలిక కుక్కుకుని పోతారు. పట్నం దుకాణాలవాళ్లు కూడా అడుగుతుంటే, దీనికో పేరూ ఒక డబ్బా ఉంటే బాగుంటుందని శిష్యులనుకున్నారు. ఆ పని పీరా నెత్తిన పడింది. నిజం చెప్పాలంటే అతనే నెత్తి చూపించాడు.

డబ్బా అందంగానే వచ్చింది. ఆకుపచ్చ అట్ట, పైన వావిలి రెమ్మ బొమ్మ, కింద గుట్ట తైలం అని బంగారు అక్షరాలు. లోపల సీసా కదలకుండా గూడు. అన్నిటికన్నా అతనికి గర్వం మూత మీద. గాలి దూరే సందు లేకుండా దింపాడు దాన్ని. పట్టుకుని పైకి లాగితే నిదానంగా, పెళ్లిపీటల మీదికి పెళ్లికూతురు వచ్చినట్టు వస్తుంది. ఖరీదైన సరుకుకి ఆ లక్షణం ఉండాలంటాడు.

తాత సరేనంటే అచ్చాఫీసుకి పంపడమే తరువాయి. ఆ సరే అన్న మాటే రావడం లేదు. ఒక శుక్రవారం పీరా ఉండబట్టలేక అడిగేశాడు.

"తాతా, డబ్బా బాగుండాదో లేదో ఒక్క మాట చెప్పు."

"నన్నడిగితే ఏముంది నాయనా, నాకు కీళ్లనొప్పులు లేవు," అన్నాడు తాత. "అదో, సుంకులమ్మవ్వ వచ్చింది. ఆమెకియ్యి."

సుంకులమ్మది గుట్ట కింద చివరిల్లు. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. వేళ్లు వంకర్లు తిరిగి కొయ్యబారిపోయాయి. లోపల నిండు నూనె సీసాతో ఉన్న డబ్బాని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ప్రసాదంలా కళ్లకద్దుకుని దిగిపోయింది.

మళ్లీ శుక్రవారం వచ్చింది. అవ్వ చంకలో డబ్బా, చేతిసంచిలో పాత సీసా.

"డబ్బా ఎట్లుందవ్వా?" పీరా ఎదురెళ్లి అడిగాడు.

"బంగారట్లుంది నాయనా. వారమంతా దేవుని గూట్లో పెట్టుకుంటి," అంది అవ్వ. "ముసల్దాన్ని, నాకెందుకులే ఇంత సోకు. ఇది మీకాడే ఉండనీ. ఎప్పట్లాగ ఈ సీసాలో ఇంత నూనె పోసియ్యి."

పీరా గాల్లో తేలిపోయాడు. "విన్నావా తాతా, దేవుని పక్కన పెట్టుకుందంట," అన్నాడు.

తాత అవ్వ చేతులకేసి చూశాడు. తనే లేచి నూనె పోసి, గుడ్డపీలిక వదులుగా కుక్కి పంపించాడు. తర్వాత నూనె వడగట్టే గుడ్డని చింపి, పీరాని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పది వేళ్లకీ దేనికది వంగకుండా గట్టిగా చుట్టాడు. అవ్వ తెచ్చిచ్చిన డబ్బాని అతని అరచేతుల మధ్య పెట్టాడు.

"గదిలోకి పోయి తలుపేసుకో. అది తెరిచి, మోకాలికి ఇంత నూనె రాసుకోని రా. ఎవర్నీ పిలవద్దు."

ఇదేమంత పని అనుకున్నాడు పీరా. అరచేతులతో మూత పట్టి లాగితే జారింది. మోకాళ్ల మధ్య ఇరికించి లాగినా రాలేదు. గాలి దూరే సందు లేదు మరి. నేలకేసి కొట్టబోయి, లోపలి సీసా పగులుతుందని ఆగాడు. చొక్కా చెమటకి తడిసిపోయింది. బయట ఎవరో నవ్వుతున్నారు, ఎవరో చెంబు తోముతున్నారు. ఒక్క కేక వేస్తే వచ్చి చిటికెలో తెరిచిపెడతారు. పిలవద్దన్నాడు తాత.

చివరికి మూల కొరికి లాగుదామని నోటి దగ్గరికి తెచ్చుకుని ఆగిపోయాడు. అక్కడ ముందే పంటిగాట్లున్నాయి. అట్ట తడిసి, ఎండి, పొరలు పొరలుగా లేచింది.

ఆ చివరింట్లో అవ్వ ఒక్కతే కూర్చుని దీనితో పెనుగులాడింది. ఆమె గుమ్మం బయట నవ్వేవాళ్లు కూడా లేరు. నొప్పికి రాసుకోవలసిన నూనెని తెరవలేక దేవుని గూట్లో పెట్టుకుంది. ఆ ముక్క తనతో అనలేదు.

పీరాకి ఏడుపొచ్చింది. హైదరాబాదు గదిలో జ్వరంతో పడి, మంచినీళ్లిచ్చే మనిషి కోసం తలుపుకేసి చూసిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజూ బల్ల నిండా తను చేసిన డబ్బాలే ఉన్నాయి.

మోచేత్తో గడియ తీసుకుని, తెరవని డబ్బాతోనే బయటికొచ్చాడు. తాత అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో వేలి కట్టూ విప్పాడు. అన్నీ విప్పాక డబ్బా అందుకుని, ఇన్నాళ్లూ అనని మాట అన్నాడు.

"మంచి డబ్బా చేసినావు నాయనా. ఇంట్లో ఇంకో మనిషుండాల, అంతే."