దర్బారులో మెంతికూర

రాయగుట్ట సంస్థానంలో సింహాసనం తాతలనాటిది, కరెంటు మొన్నటిది. రెంటినీ ఏలుతున్న మల్లభూపతికి ఒక ఉదయం మెంతికూర మీద మనసు పోయింది.

తోటలో మొలిచేది కాదు. పొరుగు రాజు తన పడకగదిలోనే ఆకుకూర పండించుకుంటున్నాడని ఎవరో ఆయన చెవిన వేశారు. ఇంకేముంది, తన దర్బారులో, తన కళ్ళెదుట మెంతికూర మొలవాలన్నారు.

చిక్కేమిటంటే ఆ దర్బారుకు కిటికీలు లేవు. శత్రువుల బాణాలకు జడిసి ముత్తాతగారు ఒక్కటీ పెట్టించలేదు. శత్రువులు పోయారు, చీకటి మిగిలింది.

దీపాల మంత్రి ఉద్దండరాయుడు మీసం సవరించుకుని లేచాడు. ఎండ లేకపోయినా ఎల్ఈడీ వెలుగులో మొక్క పెరుగుతుందని, ఖజానా తెరిస్తే సముద్రాల అవతలి నుంచి ఊదారంగు దీపాల గుత్తి తెప్పిస్తానని చెప్పాడు.

"ఆ పాటి వెలుగు ఇంట్లోనే కట్టుకోవచ్చు కదా" అన్న మాట కోనమ్మ నోటి నుంచి జారింది.

కోనమ్మ రాజుగారికి తాంబూలం అందించే మనిషి. ఆకు చుట్టినంత సులువుగా మాట విసురుతుంది. ఆ కొలువు తన బావమరిదికి ఇప్పించాలని ఉద్దండరాయుడు ఎప్పటి నుంచో కాచుకుని ఉన్నాడు. అయితే ఖజానా ముట్టకుండా ఆవిడనే పెంచి చూపించమనండి, ఓడితే తాంబూలపు పెట్టె అప్పగించి ఇంటికి వెళ్ళాలి అన్నాడు. పందెమంటే చెవికోసుకునే రాజుగారు సరేనన్నారు. ఆవిడ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పెట్టె పుణ్యానే.

ఖజానా సొమ్ముతో మంత్రిగారి దీపాల గుత్తి వచ్చింది. కొలువు తీరి ఉండగా ఏ దీపమూ రాజుగారి కిరీటం కంటే కిందకు దిగకూడదని అక్కడి ఆనవాయితీ. ఉద్దండరాయుడు ఇంకాస్త వినయం చూపించి దాన్ని ఏకంగా పైకప్పుకే బిగించాడు. దర్బారంతా వంకాయ రంగు తిరిగింది. కింద ఎక్కడో ఆయన మెంతుల తొట్టి ఉంది.

కోనమ్మ వంటశాలకు వెళ్ళి, సొట్టపడి మూలన పడున్న అల్యూమినియం పళ్ళెం అడిగి తెచ్చుకుంది. పెళ్ళి పందిరికి కట్టి విప్పేసిన తెల్ల ఎల్ఈడీ పట్టీని దాని మీదున్న కత్తిరింపు గీతల దగ్గర కత్తిరించి, తీగలతో కలిపి, పళ్ళెం అడుగున వరసగా అంటించింది. వేడి ఏమన్నా ఉంటే పళ్ళెమే లాగేసుకుంటుంది. పట్టీకి సరిపడే పాత అడాప్టరు తగిలించి, తన మెంతుల తొట్టికి జానెడు ఎత్తున తాళ్ళతో వేలాడదీసింది. మొక్క ఎదిగేకొద్దీ తాడు కాస్త పైకి లాగేది.

ఆనవాయితీ మాటేమిటంటారా? రాజుగారు కొలువు తీరేది రోజుకు ఒక్క గంట, అదీ కునుకుతో కలిపి. ఆ గంటా దీపం ఆర్పేసేది. మిగతా పొద్దంతా అది ఎంత కిందకు దిగినా అడిగే నాథుడు లేడు.

తీర్పు రోజున రెండు తొట్లూ సింహాసనం ముందుకు వచ్చాయి. కోనమ్మ మొక్కలు పొట్టిగా, గుబురుగా, పచ్చగా నిలబడ్డాయి. మంత్రిగారివి పైనున్న వెలుగును అందుకోవాలని సాగి సాగి, దారాల్లా పాలిపోయి, అంచు మీద నుంచి కిందకు వేలాడుతున్నాయి.

ఉద్దండరాయుడు తొణకలేదు.

"చిత్తగించండి మహారాజా. నా మొక్కలు తమరికి వంగి దండం పెడుతున్నాయి. ఆవిడవి చూడండి, తమరి ఎదుట ఎలా నిక్కి నిలబడ్డాయో."

రాజుగారి మొహం విప్పారింది. అంతలోనే కోనమ్మ తొట్టి వైపు చూసి చిట్లించుకున్నారు. కోనమ్మ ఆకు గురించి, రంగు గురించి అడిగితే చెప్పడానికి సిద్ధమై వచ్చింది కానీ మొక్కల మర్యాద గురించి ఆలోచించలేదు.

ఆ దర్బారులో వంగినవాళ్ళు రాజుగారు చెయ్యెత్తగానే లేవాలి. లేవకపోతే, వంగకపోవడం కంటే పెద్ద తప్పు. అది గుర్తుకొచ్చి ఆవిడ చేతులు జోడించింది.

"నావి ముందే దండం పెట్టి లేచాయి ప్రభూ. మంత్రిగారివాటిని కూడా ఒకసారి లేవమని సెలవియ్యండి."

రాజుగారు దర్జాగా చెయ్యెత్తారు. మొక్కలు కదలలేదు. మళ్ళీ ఎత్తారు. ఉద్దండరాయుడు గాభరాపడి ఒకదాన్ని వేలితో లేపబోయాడు. అది రెండోవైపుకు వాలి పడుకుంది.

ముందు సేనాపతి నవ్వాపుకోలేక దగ్గాడు. తర్వాత రాజుగారే పగలబడి నవ్వారు. దర్బారంతా గొల్లుమంది.

తాంబూలపు పెట్టెతో పాటు దీపాల పెత్తనం కూడా ఆనాడే కోనమ్మకు దక్కింది. ఉద్దండరాయుడు సింహాసనం ముందు నడుం వంచి సెలవడిగాడు. నవ్వుల్లో పడి రాజుగారు చెయ్యెత్తడం మరిచిపోయారు.