సూరాయమ్మ కాలి మీద వెలిసిన ఊరు

సూరాయమ్మ మడమ మీద పుండు మానలేదు కన్నా. మానుతోందని తనే అనుకుంది, చిక్కంతా అక్కడే వచ్చింది.

అనగనగా గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో ఆవిడ మామిడితాండ్ర చేసేది. వెదురు చాప మీద రసం పూసి ఎండబెట్టేది. ఎండాక దానిమీద ఇంకో పూత. పొర పట్టేదాకా ఎవరూ వేలు పెట్టకూడదు, అది ఆవిడ చట్టం.

ఒక వేసవిలో మడమలో వెదురు పేడు దిగింది. అసలే షుగరు మనిషి, పుండు పడింది. ఆ తర్వాత పుండు మీద మెరిసే పొర కట్టింది. ఆసుపత్రి నర్సు రత్నకుమారి దాన్ని గీకబోతే కాలు లాగేసుకుంది.

"పొర పట్టేటప్పుడు కదుపుతారటే, తెలివిమాలినదానా!"

అప్పుడు జ్వరం వచ్చింది. మాత్రలు వేసుకుంటే పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. మూడోసారి కాలంతా వాచిపోయింది.

"ఇలాగే వదిలేస్తే కాలు తీసేయాలంటున్నారు డాక్టరుగారు," అంది రత్నకుమారి. "అది నీ చర్మం కాదు పిన్నీ, క్రిముల ఇంటికప్పు."

"నా కాలి మీద కాపురమా? చెప్పాపెట్టకుండా!"

అవును కన్నా. కంటికి ఆననంత క్రిములు ముందు ఒక్కొక్కటే వచ్చి అతుక్కుంటాయి. ఆ తర్వాత పిల్లలు, పిల్లలకి పిల్లలు. నోరు లేకపోయినా ఏవో రసాలు వదిలి, ఎంతమందిమయ్యామో తెలుసుకుంటాయట! చాలినంత మంది కాగానే అన్నీ కలిసి జిగురు ఊరించి కప్పు వేస్తాయి. లోపల నీళ్ళు పారే సందులు కూడా! మందు ఆ కప్పు కింద సరిగా పనిచేయదు. అప్పుడప్పుడు కొన్ని జిగురు కరిగించుకుని, కొత్త చోటు వెతుక్కుంటూ ఒంట్లోకి బయల్దేరతాయి. ఆవిడకి జ్వరం అలా వచ్చేది. మాత్రలకి చచ్చేవి బయటపడ్డవే. పుండు మీది ఊరు ఊరులాగే ఉండేది.

సూరాయమ్మ కాలు పైకెత్తి మడమ తిప్పి చూసుకుంది. "మేస్త్రీ లేడు, తాపీ లేదు, ఇంత ఊరు కట్టాయా!"

"గీకేసినా ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ కడతాయి. కట్టేలోగా మందు పడాలి. రోజు మార్చి రోజు రావాలి పిన్నీ."

ఇంట్లో చూస్తే మామిడిపళ్ళు రాసులు పడి ఉన్నాయి.

"రసం పులిసిపోతుందే," అన్నాడు మొగుడు వీరన్న.

"పులవనీ. నాకు కాలు కావాలి," అంది సూరాయమ్మ.

ఆ తర్వాత ఎండైనా వానైనా, గీకుతుంటే ప్రాణం విలవిల్లాడినా, పుండు పూడి అసలు చర్మం వచ్చేదాకా ఒక్కసారి కూడా ఆసుపత్రికి వెళ్ళడం మానలేదు.

కథ కంచి దారి పట్టె,
కునుకు మన ఇంటి దారి పట్టె.