ఊటబండ పెళ్ళికూతుళ్ళు

అనగనగా ఒక ఊరట, ఆ ఊరి నెత్తిన ఒక కొండట. ఊఁ కొడుతున్నావా బంగారం? ఆ కొండమీద ఊటబండ. రోహిణి ఎండల్లో కూడా దానికి తడి ఆరదు. ఆ బండమీది నాచులో బొటనవేలంత కప్పలు ఉండేవి. లోకంలో ఇంకెక్కడా లేవవి. పొద్దుగూకితే చాలు, పెనంమీద నువ్వులు చిటపటలాడినట్టు కొండంతా ఒకటే పాట.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. అప్పుడు ఊరివాళ్ళు కప్పతల్లికి పెళ్ళి చేద్దామన్నారు. కప్పను తెచ్చే పని సింగారమ్మది. ఆమె హస్తవాసి మంచిదని పేరు. ఆమె కొండెక్కి, కడుపు నిండుగా ఉన్న కప్పను ఏరి తెచ్చింది. నిండుకడుపు శుభం కదా మరి! రోకలికి వేపమండలు చుట్టి, దానికి కప్పను కట్టి, ఇంటింటా నీళ్ళు పోయించారు. ఆ తర్వాత పొలంగట్టున వదిలారు.

"పాపం, కొండమీదే వదిలేద్దామే" అంది పక్కింటి నూకాలు.

"పెళ్ళయిన పిల్లను మళ్ళీ పుట్టింట దింపుతారటే? వాన అలగదూ!" అంది సింగారమ్మ.

వాన పడింది. ఇంకేం, ఊరికి నమ్మకం కుదిరింది.

మరుసటి ఏడూ ఎండే. ఈసారి వాడకొక పెళ్ళికూతురు కావాలన్నారు. సింగారమ్మ అన్నీ నిండుకడుపువే ఏరింది. కొండపాట సగమైంది. ఎవరికి పట్టింది!

మూడో ఏడు ఇంటికొకటి కావాలన్నారు. నాచంతా తిరగేస్తే నిండుకడుపుది ఒక్కటే దొరికింది. దానికే పెళ్ళి చేసి గట్టున వదిలారు. మర్నాడు కట్టెలకు వెళ్తూ సింగారమ్మ చూసింది. పెళ్ళికూతురు గట్టుమీదే చింతతొక్కలా ఎండిపోయి ఉంది. ఊటబండ చలువ లేకపోతే అది బతకదని అప్పుడు తెలిసింది ఆ తల్లికి.

"అయ్యో, అప్పగింతలని చెప్పి కడుపుతో ఉన్న పిల్లల్ని చంపుకున్నానే!" అని గుండెలు బాదుకుంది.

వాన దాని మానాన అది ఆలస్యంగా వచ్చింది. ఆ వానలోనే సింగారమ్మ కొండెక్కింది. ఒకే ఒక్క మగకప్ప అరుస్తోంది. అరుస్తుంది, ఆగుతుంది. బదులు పలికేవాళ్ళు లేరు. ఆమెకు ప్రాణం ఉసూరుమంది. తనే బదులు పలుకుదామని రెండు గులకరాళ్ళు తీసి టిక్కుటిక్కుమనిపించింది.

అప్పుడు ఆ కప్ప నాచులోంచి గెంతుకుంటూ గెంతుకుంటూ ఆమె దగ్గరికి వచ్చేసింది. వచ్చి చూస్తే ఏముంది? ఇన్నేళ్ళూ పెళ్ళికూతుళ్ళను ఏరిన చెయ్యి.

సింగారమ్మ ఆ చెయ్యి వెనక్కి తీసుకుని ఏడ్చింది.

పెళ్ళికూతుళ్ళు మంటికి,
నిద్దర నీ కంటికి,
కథేమో కంచికి, నువ్వూ నేనూ ఇంటికి,
పాపం ఆ కప్పకే ఎవరూ లేరు జంటకి.