గొట్టంలో బియ్యం

ఓత్సునే అనే ముసలమ్మ ప్రాణం పోతోంది. చిగెన్ పక్కన కూర్చుని ఎంత చదివినా ఆమె మనసు నెమ్మదించడం లేదు. అతని దిగులంతా అదే.

రాజధాని మఠంలో ఏడేళ్ళు బౌద్ధ సూత్రాలు చదువుకొచ్చిన సన్యాసి అతను. గొంతు కంచులా మోగుతుంది. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు.

కొండమీది ఆ ఊళ్ళో రెండేళ్ళుగా పంటల్లేవు. పండిన ఏడాదైనా వరి మొత్తం ప్రభువు గిడ్డంగికే పోయేది, పండించినవాళ్ళు గంజి తాగి బతికేవాళ్ళు. అందుకని అక్కడో ఆచారం ఉంది. మనిషి పోయేముందు వెదురు గొట్టంలో నాలుగు బియ్యపు గింజలు పోసి చెవి దగ్గర ఆడిస్తారు. తినకపోయినా, కనీసం విని పోతారని.

పొద్దున చిగెన్ వచ్చేసరికి కోడలు ఓహారు ఆ పనే చేస్తోంది. అతనికి ఒళ్ళు మండింది.

"చివరి ఘడియలో బుద్ధుడి పేరు వినిపించాలి గానీ, తిండి మీద ఆశ పెడతావా? తీసెయ్!"

ఆమె గొట్టం పక్కన పెట్టింది. అతను సూత్రం అందుకుని మధ్యాహ్నం దాకా చదివాడు. ముసలమ్మ వేళ్ళు చాపమీద దేనికోసమో తడుముతూనే ఉన్నాయి.

అప్పటికి అతని గురువు ఎన్‌పో మంచులో నడుచుకుంటూ వచ్చాడు.

"గురువుగారూ, నా చదువు ఈమెకి ఎందుకు చేరడం లేదు?"

గురువు గొట్టం తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఆడించు."

చిగెన్ తల కొట్టేసినట్టయింది. అయినా ఆడించాడు. ముసలమ్మ వేళ్ళు ఆగాయి.

"కొత్త బియ్యం..." అంది. దవడలు మెల్లగా కదిలాయి.

చప్పుడు ఎందుకో బరువుగా ఉందనిపించి చిగెన్ బిరడా తీసి చూశాడు. లోపల బియ్యం లేవు. గింజంతేసి గులకరాళ్ళున్నాయి.

ఓహారు వంక చూశాడు. ఆమె తల దించుకుంది.

"మొన్న ఆ బియ్యం పిల్లలకి గంజి కాచిపోశాను, స్వామీ," అంది గొంతు తగ్గించి. "అత్తయ్యకి తెలీదు."

చిగెన్ గొట్టం పట్టుకున్న చెయ్యి అలాగే నిలిచిపోయింది.

"ఆపకు," అన్నాడు గురువు. "ఆమె ఇంకా నములుతోంది."