కూర వాసన లేని చెయ్యి

ఒక విశ్వవిద్యాలయం అమ్మాయిల హాస్టల్లో, భోజనాల గది గుమ్మం పక్కన, కుళాయి దగ్గర ఒక సబ్బు ఉండేది. దానికి తెలిసిన చేతులన్నీ తిన్న చేతులే. పసుపు, నూనె, పులుసు. అవి వదిలించడానికే తను పుట్టాననుకుని రోజూ కొంచెం కొంచెం అరిగేది. ఆ పనంటే దానికి ఎప్పుడో విసుగొచ్చేసింది.

ఒక రోజు ఆ గదిలోనే సభ జరిగింది. మొదటి ర్యాంకు అమ్మాయి తిండిని విషం చేసే క్రిముల గురించి మాట్లాడింది. ఏ క్రిమి పేరేమిటో, ఎలా వ్యాపిస్తుందో కాగితం చూడకుండా చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టి, ఒకరి తర్వాత ఒకరొచ్చి ఆమెతో చెయ్యి కలిపారు. ఇంతలో భోజనం గంట మోగింది. ఇక ఎవరాగుతారు, అందరూ కంచాల మీద పడ్డారు.

ర్యాంకు అమ్మాయి పెరుగన్నం పెట్టించుకుని తన గదిలో ఉండే స్నేహితురాలి పక్కన కూర్చుంది. ఆ పిల్ల జ్వరపడి అప్పుడే లేచింది.

"నాకొద్దే. ఏదీ సయించట్లేదు."

"నాలుగు ముద్దలు తినవే, నా బంగారం కదూ! నేను కలిపి పెడతాగా."

మెత్తగా పిసికి, ముద్ద ముద్దా నోట్లో పెట్టింది. ఆ తర్వాత కుళాయి దగ్గరికెళ్ళి శుభ్రంగా చెయ్యి కడుక్కుంది.

గోరు సందులో మిగిలిపోయిన క్రిమి ఒకటి సబ్బుని చూసి నవ్వింది.

"ఇప్పుడా రావడం? మావాళ్ళంతా ముద్దలతో పాటు లోపలికెళ్ళిపోయారు."

"నేను ఎప్పుడూ ఇక్కడే ఉన్నాను" అంది సబ్బు. "తినేముందు నా దగ్గరికి ఎవరూ రారు."

మర్నాటికల్లా స్నేహితురాలు ఆస్పత్రిలో ఉంది. బతుకుతుందని డాక్టరు కూడా గట్టిగా చెప్పలేకపోయాడు. హాస్టల్లో అందరూ పెరుగుని తిట్టారు. ఆ పెరుగు తామూ తిన్నామని ఎవరికీ గుర్తు రాలేదు.

"బయట ఏమన్నా తిందా?" అని డాక్టరు అడిగాడు.

"లేదు సార్. నా చేత్తో నేనే తినిపించాను."

ఆ మాట అనేశాక ర్యాంకు అమ్మాయి తన కుడిచెయ్యి చూసుకుంది. క్రిముల పేర్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఏడుపు ఆగలేదు.

స్నేహితురాలు బతికింది. చిక్కి సగమై తిరిగొచ్చింది. భోజనాల గదిలో ఇద్దరూ మళ్ళీ పక్కపక్కన కూర్చున్నారు. ర్యాంకు అమ్మాయి అన్నం కలపబోతుంటే, ఆ పిల్ల కంచం వైపు కాకుండా ఆ చేతి వైపు చూసింది.

"నా మీద కోపమా?"

"కోపం కాదే. భయం."

ర్యాంకు అమ్మాయి లేచి, కుళాయి దగ్గర తిన్నవాళ్ళ వరసలో నిలబడింది.

"అప్పుడే తినేశావా?" అంది ముందున్న అమ్మాయి.

"ఇంకా లేదు."

"మరి ఇక్కడేం చేస్తున్నావే?"

తన వంతు రాగానే ర్యాంకు అమ్మాయి సబ్బు అందుకుంది.

సబ్బు అప్పటికి పల్చటి రేకులా మిగిలింది. తన మీద పడ్డ చేతికి పసుపు లేదు, పులుసు లేదు, కూర వాసనే లేదు. ఈ పిల్ల పొరపాటున వచ్చిందేమో అనుకుంది. గోళ్ళ సందుల్లో చూస్తే క్రిములన్నీ అక్కడే ఉన్నాయి.

"ఇవాళ అందరూ ఉన్నారే!" అంది సబ్బు. తనలో మిగిలిందంతా ఆ చేతికి ఇచ్చేసింది.

ర్యాంకు అమ్మాయి తడిచేత్తో వచ్చి ముద్ద కలిపింది. స్నేహితురాలు ఆ చేతిని దగ్గరికి లాక్కుని వాసన చూసి, నోరు తెరిచింది.

వెనక కుళాయి దగ్గర, తిన్నవాళ్ళు సబ్బేదని కేకలేస్తున్నారు.