ఉత్తరం వైపు తల

పశుపతిశాస్త్రిగారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న వల్లభయ్య ఒకనాడు, "గురువుగారూ, ఇక తగ్గదని తేలిపోయిన రోగి దగ్గర వైద్యుడికేం పని?" అని అడిగాడు. శాస్త్రిగారు పైపంచె భుజాన వేసుకుని, "బంగారయ్యను చూసొద్దాం, రా" అన్నారు.

బంగారయ్య పడవలు కట్టే వడ్రంగి. వయసు మళ్ళింది. తుంటి ఎముకలో పుట్టిన వ్రణం ముదిరిపోయింది. వల్లభయ్యే కొంతకాలంగా కషాయాలు పోస్తున్నాడు గాని గుణం కనపడలేదు. ఎడమపక్క ఆనితే ప్రాణం విలవిల్లాడేది. అందుకని అతను ఎప్పుడూ కుడిపక్కకే తిరిగి, గోడకు ముఖం పెట్టి పడుకునేవాడు. ఆ ఇరుకు గదిలో మంచానికి వేరే చోటు లేదు. భార్య అచ్చియ్యమ్మ అతని వీపు దగ్గర కూర్చుని పలకరించేది. కొన్నాళ్ళకు అతను పలకడం మానేశాడు. మతి పోయిందనుకున్నారు అందరూ.

శాస్త్రిగారు కషాయం మాన్పించారు. నొప్పి అణిచే మందు తేనెలో రంగరించి నాలుకకు రాసి, అది పనిచేసేదాకా కూర్చున్నారు. తరువాత మంచం అటుది ఇటు తిప్పమన్నారు.

అచ్చియ్యమ్మ అడ్డుపడింది. "అయ్యో బాబయ్యగారూ, తల ఉత్తరం వైపుకొస్తుంది! బతికున్న మనిషిని అలా పడుకోబెడతారా?"

శాస్త్రం కూడా ఒప్పుకోదన్నాడు వల్లభయ్య.

"ఉత్తరాన ఏముందో నేనెరుగను. ఇలా తిప్పితే అతనికి నువ్వు కనపడతావమ్మా" అన్నారు శాస్త్రిగారు.

అచ్చియ్యమ్మ తనే మంచం కోడు ఒకటి పట్టింది.

బంగారయ్య భార్యను చాలాసేపు చూశాడు. "ఏమే, ఇంత చిక్కిపోయావేం?" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గురుశిష్యులు బయటికి వచ్చేశారు. ఆ పైన వాళ్ళిద్దరి మధ్య మాటలు సాగాయి. సగంలో ఆగిన పడవను తమ్ముడికి అప్పగించమని చెప్పాడట. పెళ్ళినాటి సంగతులెత్తి ఆమెను నవ్వించాడు కూడానట.

వానలు పడకముందే ఒక ఉదయం బంగారయ్య కన్నుమూశాడు. వల్లభయ్య ఆ కబురు తెచ్చి, "చివరికి మన చేతుల్లో ఏమీ లేకపోయింది గురువుగారూ" అన్నాడు.

శాస్త్రిగారు లేచి బయలుదేరారు.

"ఎక్కడికండీ?"

"అచ్చియ్యమ్మ దగ్గరికి."

"ఆమెకు జబ్బేమీ లేదే! మందుల సంచి తేనా?"

"అక్కర్లేదు. నువ్వు రా."